పళ్లెంలో తల, కింద క్రీస్తు: ఒక జానెడు అలబాస్టర్ పలక వెనక ఉన్న కథంతా

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, గ్లాస్గోలోని బరెల్ కలెక్షన్, ఇలాంటి చోట్ల మధ్యయుగాల వస్తువుల్లో ఒక రకం బొమ్మలుంటాయ్. సైజు చూస్తే జానెడు, మహా అయితే జానెడున్నర. మీగడ రంగు రాతి పలక, మధ్యలో గుండ్రటి పళ్లెం, అందులో గడ్డం ఉన్న ఒక మగమనిషి తల. ఆ తలకి అటొకరు ఇటొకరు సన్నగా నిలబడి ఉంటారు, కింద రాతి సమాధిలోంచి నడుం దాకా పైకొచ్చిన క్రీస్తు, కొన్నిట్లో పైన దేవదూతలు ఒక బుల్లి మనిషిని గుడ్డలో పెట్టి పైకి మోసుకెళ్తుంటారు. అక్కడక్కడా ఎరుపు మిగిలుంటుంది, గడ్డం వంకీల్లో బంగారం మరకలు, వెనక నల్లబడిపోయిన పచ్చ. లేబుల్ మీద మాత్రం ఒకటిన్నర లైను: సెయింట్ జాన్ తల, అలబాస్టర్, రంగులు, బంగారు పూత, ఇంగ్లండ్, 15వ శతాబ్దం. చదివి, ఓహో అనుకుని, మనం పక్క అద్దం దగ్గరికి వెళ్లిపోతాం.

ఆ ఒకటిన్నర లైనులో ప్రతి మాట దగ్గరా ఒక చిక్కుముడి ఉంది. తల యోహానుది (సెయింట్ జాన్ అంటే బైబిల్‌లోని ఈ యోహానే) సరే, మరి కింద క్రీస్తు ఎందుకున్నాడు? ఇంగ్లండ్‌లో చేశారని ఎలా తెలుసు? రంగులు అక్కడక్కడే ఎందుకు మిగిలాయ్? అసలు 16వ శతాబ్దంలో ప్రొటెస్టెంట్ మతసంస్కరణ వచ్చి, సెయింట్ల బొమ్మల్ని కొలవకూడదని ఇంగ్లండ్‌లో ఇలాంటివన్నీ పగలగొట్టేశారు కదా, ఇది ఎలా బతికింది? నా ఉద్దేశంలో దీన్ని ఎవరో గొప్ప శిల్పి చేసిన కళాఖండం అనుకుని చూస్తే వీటిల్లో ఒక్కదానికీ సరైన జవాబు దొరకదు. ఇది సరుకు. డజన్ల లెక్కన చెక్కి, పెట్టెల్లో బిగించి, ఊరూరా తిప్పి అమ్మిన సరుకు, అలా అనుకుని చూడ్డం మొదలెడితే మిగతావన్నీ వాటంతటవే దారిలోకొస్తాయ్.

ముందు బొమ్మలో ఏముందో చూద్దాం. బాప్తిస్మమిచ్చే యోహాను చావు కథ మార్కు సువార్త 6వ అధ్యాయంలో ఉంది. హేరోదు పుట్టినరోజు విందు, హేరోదియ కూతురి నాట్యం, ఏం కావాలో కోరుకోమంటే ఆ పిల్ల తల్లి చెప్పినట్టు యోహాను తల పళ్లెంలో పెట్టించమనడం, అదంతా తెలిసిందే. కానీ ఈ పలక మీద ఆ కథ లేదు, గమనించండి. హేరోదు లేడు, విందు లేదు, నాట్యం లేదు, తలారి లేడు. పళ్లెం, తల మాత్రమే ఉన్నాయ్, చుట్టూ ఉన్నవాళ్లకి ఆ విందుతో ఏ సంబంధమూ లేదు. ఒకవైపు తాళంచెవి పట్టుకున్నాయన యేసు శిష్యుడు పేతురు. రెండోవైపు ఆర్చిబిషప్ దుస్తుల్లో ఉన్నాయన ఎవరో తేల్చడం కష్టం, కాంటర్‌బరీ ఆర్చిబిషప్ థామస్ బెకెట్ అని కొందరు, యార్క్ ఆర్చిబిషప్ విలియం అని కొందరు అంటారు. కింద గాయాలు చూపిస్తూ క్రీస్తు, కొన్ని పలకల మీద ఆయన స్థానంలో గొర్రెపిల్ల.

ఈ గొర్రెపిల్ల దగ్గరే ముడి విడిపోతుంది. యేసుని చూసి "ఇదిగో దేవుని గొర్రెపిల్ల" అన్నది ఈ యోహానే. పైగా ఆ రోజుల్లో యార్క్ ప్రాంతపు ప్రార్థనా పుస్తకంలోనే ఉంది, పళ్లెంలో ఉన్న యోహాను తల బలిపీఠం మీద మనం స్వీకరించే క్రీస్తు శరీరానికి గుర్తు అని. అంటే మనకి హత్యలా కనిపించే బొమ్మ వాళ్లకి దివ్యసత్ప్రసాదం, క్రీస్తు శరీరంగా నమ్మి పూజలో తీసుకునే అప్పం. విందు పళ్లెం కాస్తా పూజలో అప్పం పెట్టే పళ్లెం అయిపోయింది, అందుకే సరిగ్గా దాని కిందే క్రీస్తు శరీరం. ఇది ఒక్కటి తెలిస్తే బొమ్మలో భయంకరం అనిపించిందంతా వేరేలా కనిపిస్తుంది. మొహంలో బాధ ఉండకపోవడం, జుట్టు చక్కగా దువ్వినట్టు పాయలు పాయలుగా రెండువైపులా పరుచుకోవడం, ఇవన్నీ కావాలని చేసినవే.

ఇంకొకటి ఉంది, నాకు బాగా నచ్చే వివరం. దగ్గరగా చూస్తే చాలా పలకల్లో నుదుటి మీద, ఎడమ కనుబొమ్మ పైన, చిన్న గాటు ఉంటుంది. చెక్కేటప్పుడు ఉలి జారి పడింది కాదు, వరసగా చాలావాటికి ఉంది. దీని మూలం ఫ్రాన్స్‌లోని ఆమియాఁ. 1204లో క్రూసేడ్ సైన్యాలు కాన్‌స్టాంటినోపుల్‌ని దోచుకున్నాక అక్కడ్నించి ఒక మతగురువు యోహాను తలే అని చెప్పి ఒక పుర్రె ముందుభాగాన్ని 1206లో ఆమియాఁకి తెచ్చాడు, అది ఆ ఊరి దశ తిప్పేసింది, యాత్రికులు విరగబడ్డారు, 1220లో ఇప్పుడున్న కేథడ్రల్ మొదలైంది. ఆ పుర్రెకి కనుబొమ్మ పైన ఒక రంధ్రం ఉంది, హేరోదియ కసి తీరక కత్తితో పొడిచిందని చెప్పుకునేవాళ్లు. సువార్తలో ఈ ముక్క ఎక్కడా లేదు. అంటే ఇంగ్లండ్‌లో కూర్చుని పలక చెక్కినవాడు బైబిల్‌ని కాకుండా సముద్రం అవతల ఉన్న ఒక అవశేషాన్ని కాపీ కొడుతున్నాడన్నమాట, తను దాన్ని చూసి ఉండకపోయినా సరే, ముందు చెక్కిన తలల్లో గాటు ఉంది కాబట్టి వీడూ పెడతాడు.

ఇప్పుడు రాయి సంగతి. అలబాస్టర్ చూడ్డానికి పాలరాయిలా ఉంటుంది గానీ దానికీ దీనికీ చుట్టరికం లేదు. ఇది జిప్సం, రసాయనంగా చెప్పాలంటే నీళ్లు కలిసున్న కాల్షియం సల్ఫేట్. కాఠిన్యం కొలిచే మోస్ స్కేలు మీద 2, గోరుతో గీస్తే గీత పడేంత మెత్తన. చిన్న చిన్న వివరాలు గబగబా చెక్కడానికి ఇంతకన్నా మంచి రాయి దొరకదు. ట్రెంట్ నది పరిసరాల్లో టట్‌బరీ, చెలాస్టన్ దగ్గర దీని గనులుండేవి, చెక్కేవాళ్లు నాటింగ్‌హామ్, బర్టన్, యార్క్ లాంటి ఊళ్లల్లో ఉండేవాళ్లు, నది మీద హల్ రేవు దాకా వెళ్తే అవతల ఐరోపా. మెత్తదనంతో వచ్చిన ఇబ్బంది ఏంటంటే ఇది నీళ్లకి కరుగుతుంది, లీటరు నీళ్లలో 2 గ్రాముల పైచిలుకు. కాబట్టి బయట వానలో పెట్టే విగ్రహాలకి పనికిరాదు, గుడి లోపలో ఇంటి లోపలో ఉండాల్సిందే. మ్యూజియంలో కూడా దీన్ని తడిగుడ్డతో తుడవరు, నీళ్లు తగిలితే పైనున్న మెరుపు పోతుంది, రంగు ఊడుతుంది.

వ్యాపారం ఎలా పెరిగిందో చూడాలంటే రెండు రికార్డులు పక్కపక్కన పెడితే చాలు. 1367లో మూడో ఎడ్వర్డ్ రాజు నాటింగ్‌హామ్‌కి చెందిన పీటర్ మేసన్ అనే ఆయన చేత విండ్సర్‌లోని సెయింట్ జార్జ్ చాపెల్‌కి బలిపీఠం వెనక పెట్టే పెద్ద అలబాస్టర్ పలకల సెట్టు చేయించుకున్నాడు, ఖరీదు 200 పౌండ్లు, దాన్ని విండ్సర్ చేర్చడానికి 10 బళ్లు పట్టాయ్. రాజు ఆర్డరు, ఒకే వస్తువు. సరే, 124 ఏళ్లు ముందుకి రండి. 1491లో అదే నాటింగ్‌హామ్‌లో నికొలస్ హిల్ అనే బొమ్మలు చేసేవాడు విలియం బాట్ అనే తన అమ్మకందారు మీద కోర్టుకెక్కాడు. గొడవ దేని గురించంటే 58 సెయింట్ జాన్ తలల గురించి, వాటిల్లో కొన్ని చెక్క పెట్టెల్లో బిగించినవి. ఒక్క మనిషి దగ్గర, ఒక్క తగాదాలో, 58 తలలు. ఎవరో ఆర్డరిస్తే చెక్కినవి అయ్యుండవు ఇవి, స్టాకు.

స్టాకు అనుకున్నాక పలక వెనక్కి తిప్పి చూస్తే ఇంకా స్పష్టమవుతుంది. ముందువైపు అంత నునుపుగా ఉన్నది వెనక ఉలి గాట్లతో గరుకుగా ఉంటుంది, నునుపు చేసే శ్రమ తీసుకోలేదు, ఎలాగూ ఎవరూ చూడరు. కొన్నిటి మీద గీతలతో పెట్టిన గుర్తులుంటాయ్. ఇంకా చిన్న చిన్న రంధ్రాలు, వాటిల్లో సీసం పోసి ఇత్తడి లాంటి లోహపు తీగ బిగించిన ఆనవాళ్లు. ఆ తీగలతోనే పలకని చెక్క చట్రానికి కట్టేవాళ్లు. తలల పలకలైతే రెండు తలుపులున్న చిన్న పెట్టెలో, పెద్ద బలిపీఠం సెట్లైతే వరసగా ఐదో ఏడో పలకలు పొడుగాటి చట్రంలో. అలాంటి సెట్టు చట్రంతో సహా దాదాపు పూర్తిగా మిగిలింది చూడాలంటే విక్టోరియా అండ్ ఆల్బర్ట్‌లో ఉన్న స్వాన్సీ ఆల్టర్‌పీస్ ఉంది, మరియమ్మ జీవితంలోని ఆనందాల మీద చేసింది. ఆ సెట్లు చర్చిలకి. యోహాను తలలు మాత్రం ఎక్కువగా ఇళ్లకి, పడగ్గదుల్లో, సొంత ప్రార్థన మూలల్లో పెట్టుకోవడానికి, ఆ కాలం వీలునామాల్లో మంచాలూ గిన్నెలతో పాటు ఇవి కూడా పంపకానికి వస్తాయ్.

నిజం చెప్పాలంటే చాలా పలకల పనితనం ఏమంత గొప్పగా ఉండదు. కళ్లు ఉబ్బెత్తుగా, చేతులు ఒంటికి సరిపోకుండా, పక్కనున్న పేతురు మొహమూ ఆర్చిబిషప్ మొహమూ ఒకే అచ్చులోంచి తీసినట్టు. దీని మీద కళాచరిత్రకారులు చాలాకాలం మూతి విరిచారు. కానీ రంగు లేకుండా చూసి ఇచ్చిన తీర్పు అది, రంగుని కలుపుకుని చూడాలి, ఎందుకంటే చెక్కేవాడు ఎక్కడ ఆగాడో అక్కడ్నించి రంగువాడి పని మొదలవుతుంది.

రంగు వేయడానికి ఒక పద్ధతి ఉండేది, దాదాపు అన్ని వర్క్‌షాపులూ పాటించిన పద్ధతి. నేల భాగం ముదురు పచ్చ, దాని మీద తెల్ల చుక్కలు గుండ్రంగా పెట్టి మధ్యలో ఎర్ర చుక్క, అదే డైసీ పువ్వు, పచ్చిక బయలు అయిపోయింది. ఒక పువ్వుకి బ్రష్షు ఐదారు సార్లు తాకిస్తే చాలు, నిమిషం కూడా పట్టదు. పైభాగం ఆకాశం అనుకోండి, అక్కడ బంగారం, అందులో సుద్దా జిగురూ కలిపిన ముద్దతో వరసలుగా చిన్న చిన్న బొడిపెలు పెట్టి వాటికీ బంగారు పూత వేసేవాళ్లు, కొవ్వొత్తి వెలుగు కదిలినప్పుడల్లా ఆ బొడిపెలు ఒక్కొక్కటీ మెరవడానికి. బట్టల పైభాగం చాలావరకు రాతి తెలుపే, అంచులకి బంగారం, మడతల లోపల మాత్రం ఎరుపో నీలమో, ఎరుపుకి ఇంగిలీకం, నీలానికి అజురైట్ లాంటివి. జుట్టుకీ గడ్డానికీ బంగారం. మొహానికి ఏమీ లేదు, పెదాలకీ కళ్లకీ కాస్త తప్ప. ఎందుకంటే నునుపు చేసిన అలబాస్టర్‌లోంచి వెలుగు కొంచెం లోపలికి దూరి బయటికొస్తుంది, మనిషి చర్మంలాగే, అలాంటిదాని మీద రంగు పూస్తే ఉన్నదీ పోతుంది. ఖర్చూ కలిసొచ్చింది, అందమూ వచ్చింది.

దీనికి ఇంకో వైపుంది, అది అంత ముచ్చటైనది కాదు. క్రీస్తుని కొరడాలతో కొట్టే దృశ్యాల్లో, సెయింట్ల హత్యల్లో, హింసించేవాళ్ల మొహాలకి మాత్రం ముదురు గోధుమరంగు పూసేవాళ్లు, ముక్కులూ పెదాలూ వికారంగా పెంచి. తెల్లగా వదిలేసిన మొహం పుణ్యాత్ముడిది, రంగు పూసినది దుర్మార్గుడిది, దూరం నుంచి చూసినా ఎవరెవరో తెలియాలని. ఆ కాలపు యూదు వ్యతిరేకత, నల్లరంగు మీద ఉన్న ద్వేషం ఈ సులువు సూత్రంలోకి నేరుగా వచ్చి చేరాయ్, రంగులు పోయిన పలకల్లో ఇది కనబడదు కాబట్టి మనం మర్చిపోతుంటాం.

రంగులు ఎలా పోయాయంటే ఒక కారణం కాదు. రాయి మరీ నునుపు, రంగు పొర పల్చన, పట్టు తక్కువ, చెమ్మ తగిలితే పొరలుగా లేచిపోతుంది. రాగితో చేసిన పచ్చ కాలక్రమంలో గోధుమరంగుకీ నలుపుకీ తిరుగుతుంది. దానికి తోడు తర్వాతి శతాబ్దాల్లో శిల్పం అంటే తెల్లగా ఉండాలనే పిచ్చి ఒకటి, దాంతో శుభ్రం చేసే పేరుతో గీకి కడిగేసినవి కూడా ఉన్నాయ్. అయినా పూర్తిగా పోదు. ఖాళీగా ఉందనుకున్న పలకని పక్క వెలుగులో చూస్తే బొడిపెలు ఊడిపోయిన చోట వరసగా గుండ్రటి మచ్చలు కనిపిస్తాయ్, పువ్వులున్న చోట రాయి మీద పువ్వు ఆకారం మిగులుతుంది. మ్యూజియం వాళ్లు సూక్ష్మదర్శిని కింద చూసేది ఎక్కువగా మడతల లోతుల్లో, జుట్టు పాయల మధ్య, ఎందుకంటే గీకేవాడి చెయ్యి అక్కడిదాకా వెళ్లదు.

ఇక అసలు ప్రశ్న, ఇవి బతికి ఎలా బట్టకట్టాయి? 1538లో ఎనిమిదో హెన్రీ థామస్ బెకెట్‌ని సెయింట్‌గా ఎంచకూడదని, ఆయన బొమ్మలన్నీ తీసేయాలని ఉత్తర్వు ఇచ్చాడు, మన పలక మీద పేతురుకి అటువైపు నిలబడ్డ ఆర్చిబిషప్ బెకెట్టే అయితే ఆయనకి అక్కడే గండం మొదలైంది. తర్వాత ఆరో ఎడ్వర్డ్ కాలంలో 1550లో వచ్చిన చట్టం ఇంకా గట్టిది. చర్చిల్లోంచి తీసినవీ, ఇంకా అక్కడే నిలబడి ఉన్నవీ, రాతివైనా చెక్కవైనా అలబాస్టర్‌వైనా మట్టివైనా పాడుచేసి నాశనం చెయ్యాలి. అలబాస్టర్ అని పేరు పెట్టి మరీ రాశారు చట్టంలో, అంటే ఎంత ఎక్కువగా ఉండేదో ఊహించుకోండి. సమాధుల మీద ఉన్న రాజులూ జమీందార్ల బొమ్మలకి మాత్రం మినహాయింపు ఇచ్చారు, వాళ్లని జనం సెయింట్లుగా కొలవనంత వరకు. అందుకే ఈరోజుకీ ఇంగ్లండ్ చర్చిల్లో అలబాస్టర్ అంటే ఎక్కువగా కనిపించేది సమాధి మీద పడుకున్న జమీందారూ వాళ్లావిడే, సెయింట్లు కనబడరు.

అదే రాయి, అవే ఊళ్లు, ఒకటి ఉండిపోయింది ఇంకొకటి సుత్తి దెబ్బ తింది.

అయితే చట్టం పాడుచెయ్యమంటే వ్యాపారులు ఊరుకుంటారా, అమ్మేశారు. 1550 సెప్టెంబరులో ఫ్రాన్స్‌లో ఉన్న ఇంగ్లండ్ రాయబారి సర్ జాన్ మేసన్ లండన్‌కి రాసిన కబురులో ఉంది, ఈ మధ్యే ఇంగ్లండ్ నుంచి మూడు నాలుగు ఓడల నిండా బొమ్మలొచ్చాయని, పారిస్‌లో రూఆఁలో ఇంకా ఇతర చోట్ల అమ్ముతున్నారని, జనం ఎగబడి కొంటున్నారని. కానీ అన్నీ ఇలా పారిపోయి వెళ్లినవే అనుకుంటే పొరపాటు. అంతకు ముందు వందేళ్లకి పైగా మామూలు ఎగుమతి నడుస్తూనే ఉంది. 1456లోనే జాన్ గుడ్‌ఇయర్ అనే ఇంగ్లిష్ మతగురువు స్పెయిన్‌లోని సాంటియాగో కేథడ్రల్‌కి సెయింట్ జేమ్స్ జీవితం చెక్కిన అలబాస్టర్ సెట్టు తీసుకెళ్లి కానుకగా ఇచ్చాడు, అది ఇప్పటికీ అక్కడే ఉంది. వైన్ వ్యాపారం నడిచిన బోర్డోలో ఉన్నాయ్, చేపల కోసం ఇంగ్లిష్ పడవలు వెళ్లిన ఐస్‌లాండ్‌లో హోలార్ కేథడ్రల్‌లో కూడా ఉంది. ఓడలు ఎటు వెళ్తే పలకలు అటు వెళ్లాయ్. దేశంలోనే మిగిలినవి చాలావరకు ఎవరో దాచిపెట్టినవి. నాటింగ్‌హామ్‌షైర్‌లోని ఫ్లాఫర్డ్ చర్చి నేల కింద 1779లో మూడు బొమ్మలు దొరికాయ్, సఫోక్‌లోని కెటిల్‌బాస్టన్ చర్చి గోడలో 1864లో కొన్ని పలకలు. దాచినవాళ్లు బహుశా గాలి మళ్లాక తీద్దాం అనుకుని ఉంటారు. 1553లో కేథలిక్ అయిన మేరీ రాణి వచ్చినప్పుడు ఐదేళ్లు మళ్లింది కూడా, తర్వాత మళ్లీ మామూలే.

యోహాను తలల విషయంలో ఇళ్లల్లో ఉండటం కొంత కలిసొచ్చినట్టుంది. చర్చి బలిపీఠం మీదున్న పెద్ద సెట్టుని అందరూ చూస్తారు, తనిఖీకి వచ్చినవాడు దాన్ని లెక్క రాసుకుంటాడు. జానెడు పెట్టె తలుపులు మూసేసి అటకెక్కిస్తే ఎవరికి తెలుస్తుంది. ఇది నా ఊహే గానీ, సైజు చిన్నదవడం ఒక రక్షణ అని ఒప్పుకోక తప్పదు.

మ్యూజియంకి ఎలా చేరాయంటే, 19వ శతాబ్దం చివర్లో వీటి మీద ఆసక్తి మొదలైంది, 1890లో సెయింట్ జాన్ హోప్ అనే ఆయన (పేరు కుదిరింది చూడండి) ప్రత్యేకంగా ఈ తలల పలకల మీదే పెద్ద వ్యాసం రాశాడు, 1910లో లండన్‌లో సొసైటీ ఆఫ్ యాంటిక్వరీస్ వాళ్లు ఇంగ్లిష్ అలబాస్టర్‌ల ఎగ్జిబిషన్ పెట్టారు. తర్వాత అమెరికాలో పుట్టి లండన్‌లో స్థిరపడ్డ వాల్టర్ లియో హిల్డ్‌బర్గ్ ఏళ్ల తరబడి వీటిని కొని పోగేసి, 1946లో తన 70వ పుట్టినరోజు సందర్భంగా మొత్తం విక్టోరియా అండ్ ఆల్బర్ట్‌కి ఇచ్చేశాడు. ఆ మ్యూజియం సేకరణ ఇంత పెద్దదిగా ఉండటానికి ప్రధాన కారణం ఆయనే. ఇంత మంచి పనిలోనూ ఒక నష్టముంది. డీలర్ల చేతులు మారుతూ వచ్చిన పలకలకి ఏ ఊరు, ఏ ఇల్లు, ఏ చర్చి అన్న సమాచారం దారిలోనే రాలిపోయింది.

కాబట్టి లేబుల్ మీద నాటింగ్‌హామ్ అని కనిపిస్తే కొంచెం అనుమానంగానే చూడండి. రికార్డుల్లో నాటింగ్‌హామ్ పేర్లు ఎక్కువ దొరికాయని ఒకప్పుడు అన్నిటినీ ఆ ఖాతాలో వేసేశారు, ఇప్పుడు చాలాచోట్ల మిడ్‌లాండ్స్ (ఇంగ్లండ్ నడిమి ప్రాంతం) అనో ఉత్తి ఇంగ్లండ్ అనో రాస్తున్నారు, అదే నిజాయితీ. రాయి ఎక్కడిదో తేల్చడానికి మాత్రం ఇప్పుడు మంచి దారి దొరికింది. అలబాస్టర్‌లోని గంధకం, ఆక్సిజన్, స్ట్రాన్షియం ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల) నిష్పత్తి గనిని బట్టి మారుతుంది, గోరంత ముక్క కూడా అక్కర్లేదు, చిటికెడు పొడి చాలు. 2017లో అచ్చయిన ఒక పరిశోధనలో ఈ పద్ధతితో ఇంగ్లండ్, ఫ్రాన్స్, స్పెయిన్ రాళ్లని వేరు చేసి చూపించారు, గ్రెనోబుల్ దగ్గరున్న ఒక ఫ్రెంచి గని శతాబ్దాల పాటు పెద్ద ఎత్తున రాయి సరఫరా చేసిందని కూడా అందులోనే బయటపడింది. అయితే ఇది రాయి ఏ గనిదో చెబుతుంది, ఎవరు ఎక్కడ కూర్చుని చెక్కారో చెప్పదు, ఎందుకంటే చెక్కని దిమ్మలు కూడా ఓడలెక్కేవి.

తేదీ విషయమూ అంతే. సైనికులున్న పలకలైతే వాళ్ల కవచాల మోడల్ చూసి కాలం అంచనా వేస్తారు, దానిక్కూడా జాగ్రత్త కావాలి, పాత నమూనా చూసి చెక్కేవాడు కవచం కూడా పాతదే చెక్కుతాడు కదా. యోహాను తలల్లో కవచాలూ ఉండవు. పెట్టె ఉంటే కొంత నయం, తలుపుల మీద రంగులూ రాతలూ ఏమైనా చెబుతాయ్, కానీ పెట్టెతో సహా మిగిలినవి చాలా కొద్ది. మిగతావన్నీ పలకలు మాత్రమే, అందుకే లేబుల్ మీద 15వ శతాబ్దం అని వందేళ్ల వెడల్పున రాసి వదిలేస్తారు.